పాత కంప్యూటరు, క్రొత్త వ్యవస్థ: తెరమీది చిక్కులు

విండోస్ 10 అను వ్యవస్థకు దానిని తయారుచేసిన మైక్రోసాఫ్ట్ సంస్థ 2025 అక్టోబరు 14వ తేదీతో ఆదరువు ముగించెను. అంతకు పూర్వము 2020 జనవరి 14న విండోస్ 7 కును, 2014 ఏప్రిల్ 8న విండోస్ ఎక్స్.పి. కిని ఇట్లే జరిగినది. ఆదరువు ముగియుట అనగా కంప్యూటరు ఆ రాత్రికే ఆగిపోవుట కాదు. బయటపడిన లోపములను సరిదిద్దు మరమ్మతులు ఇకమీదట ఆ సంస్థనుండి మామూలుగా రావని మాత్రమే అర్థము. అయినను అట్టి తేదీ దగ్గరపడిన ప్రతిసారియు ఇండ్లలో, దుకాణములలో, పాఠశాలలలో పాత కంప్యూటర్లకు క్రొత్త వ్యవస్థను ఎక్కించు తొందర మొదలగును. ఆ తొందరలో తరచుగా ఎదురగు చిక్కు ఒకటి కలదు. వ్యవస్థ ఎక్కును, యంత్రము మరల తిరుగును. కాని తెర మాత్రము మునుపటివలె ఉండదు.

ఆ మార్పు పలు విధములుగా కనబడును. అక్షరములు బూరెలంతేసి లావై, నాలుగు బొమ్మలకే తెర నిండిపోవుట ఒకటి. గుండ్రని వలయము కోడిగ్రుడ్డు ఆకారమై, ఫొటోలోని ముఖములు అడ్డముగా సాగి కనబడుట ఇంకొకటి. పని చేయుచుండగా తెర హఠాత్తుగా నల్లబడి, రెండు మూడు క్షణములకు మరల వెలిగి, డిస్‌ప్లే డ్రైవరు స్పందించుట మానినదనియు, తిరిగి కోలుకొన్నదనియు ఒక మూల ఇంగ్లీషున ప్రకటన కనబడుట వేరొకటి. అన్నింటికంటె భయపెట్టునది కటిక చీకటి. లోపల పంకా తిరుగుచుండును, పెట్టెమీది దీపము వెలుగుచుండును, తెర మాత్రము పలుకదు. ఇట్టివేళ మన ఇండ్లలో వినబడు తీర్పు ఒక్కటే: ‘మిషను పోయింది.’

ఈ తీర్పు చాలవరకు తొందరపాటే. రేడియోలో ముల్లు వెంట్రుకవాసి జరిగినచో గరగర తప్ప వేరేమియు వినబడదు. అంతమాత్రమున స్టేషను మూగవోయినదని రేడియో ఉన్న ఇంటివారెవరును అనరు. వ్యవస్థను మార్చువరకు చక్కగా కనబడిన తెర, మార్చిన గంటకే పాడైనచో, ఆ గంటలో మారినదేదో దానినే మొదట అనుమానింపవలెను. అట్లు మారినవానిలో ముఖ్యమైనది డిస్‌ప్లే డ్రైవరు.

డ్రైవరు అనగానే బస్సు నడుపువాడు తలపునకు వచ్చును. కంప్యూటరులోని డ్రైవరు మనిషియు కాదు, చేతితో పట్టుకొనదగిన వస్తువును కాదు. అదొక చిన్న ప్రోగ్రాము. దాని పని ఎట్టిదో గోదావరి ఒడ్డున పోలవరములో పుట్టి పెరిగినవారికి తెలియజెప్పుట సులభము. రాజమహేంద్రవరమునుండి పోలవరము మీదుగా, పాపికొండల నడుమనుండి భద్రాచలము వైపు లాంచీలు నడచిన కాలమున, ఎంత మంచి ఇంజను ఉన్నను సరంగు లేనిదే లాంచీ రేవు విడిచెడిది కాదు. ఎక్కడ లోతు, ఎక్కడ ఇసుక మేట, ఏ లంకకు ఎడమగా పోవలెను, ఏ బండకు ఎంత దూరమున తొలగవలెను అనునది ఇంజనుకు తెలియదు, ప్రయాణికులకు తెలియదు; సరంగునకే తెలియును. కంప్యూటరులో చిత్రమును గీయు చిప్పు ఒకటి ఉండును. దానినే గ్రాఫిక్స్ చిప్పు అందురు. ‘ఇక్కడ ఒక చతురస్రము గీయుము, దానిలో ఈ అక్షరమును నిలుపుము’ అని విండోస్ ఆజ్ఞాపించును. ఆ ఆజ్ఞ అన్ని యంత్రములకు ఒకటే. కాని ఇంటెల్ వారి చిప్పునకు అర్థమగు భాష వేరు, ఎన్‌విడియా వారిది వేరు, ఏ.ఎమ్.డి. వారిది వేరు. ఒకే సంస్థవారు 2006లో చేసిన చిప్పు భాష 2016లో చేసినదానికి రాదు. ఆజ్ఞకును చిప్పునకును నడుమ నిలిచి దారి చూపునదే డ్రైవరు.

ఇక వరదల మాట. 1986 ఆగస్టులోను, 2022 జూలైలోను వచ్చినట్టి పెద్ద వరద తీసిన తరువాత నదిలో దారి మునుపటివలె ఉండదు. మేటలు కదలిపోవును, నిన్న గడవేసినను అందని చోట నేడు మోకాలిలోతే ఉండును. పాత దారిని కంఠస్థము చేసిన సరంగు ఆ లెక్కతోనే నడపినచో లాంచీ ఇసుకలో కూరుకొనును. లాంచీ చెడలేదు, సరంగు చేతకానివాడు కాడు, నది ఎండిపోలేదు, దారి మారినది. ఒక వ్యవస్థను తీసి మరియొక వ్యవస్థను ఎక్కించుట కంప్యూటరునకు అట్టి వరద.

ఈ వరదలలో అన్నింటికంటె పెద్దది 2007 జనవరి 30న ప్రజల చేతికి వచ్చిన విండోస్ విస్టాతో వచ్చినది. అంతవరకు డిస్‌ప్లే డ్రైవరు అధికభాగము వ్యవస్థయొక్క గర్భములో ఉండి పనిచేసెడిది. అక్కడ దానికి తడబాటు కలిగినచో యంత్రమంతయు నిలిచిపోయి నీలితెర ప్రత్యక్షమయ్యెడిది. ఎక్స్.పి. వాడినవారు ఆ నీలితెరను మరచి ఉండరు. విస్టాలో డ్రైవరును రెండు భాగములుగా విడదీసి, అధికభాగమును గర్భమునుండి వెలుపలికి తెచ్చిరి. చిప్పు రెండు క్షణములపాటు బదులు పలుకనిచో వ్యవస్థయే డ్రైవరును ఆపి మరల నడపించుటకు వీలు కలిగినది. ఇంతకుముందు చెప్పిన ‘కోలుకొన్నది’ అను ప్రకటన ఈ ఏర్పాటువలన వచ్చినదే. దానిని చూచి భయపడువారు కలరు గాని, ఎక్స్.పి. కాలమైనచో అదే తడబాటునకు యంత్రమంతయు పడిపోయి, చేయుచున్న పని నష్టమయ్యెడిది.

మంచి మార్పే. కాని దానివలన పాత డ్రైవర్లన్నియు ఒక్కసారిగా పాతబడెను. ఎక్స్.పి. కొరకు వ్రాసినవానిని విస్టాయు, విండోస్ 7ను ఏదో విధముగా సహించెను. 2012లో వచ్చిన విండోస్ 8 వానికి తలుపు పూర్తిగా మూసివేసెను. క్రొత్త పద్ధతిలో డ్రైవరును మరల వ్రాసి ఇచ్చుట చిప్పు చేసినవారి బాధ్యత. చిప్పు పాతదైనచో వారు ఆ శ్రమ పడరు. ఇంటెల్ వారి 915 అను చిప్పుల కూటమి ఇందులకు ప్రసిద్ధమైన ఉదాహరణము. దానికి విస్టా పద్ధతి డ్రైవరు ఎన్నడును రాలేదు. అయినను 2006లో అట్టి చిప్పులు గల కంప్యూటర్లకు కూడ ‘విస్టాకు తగినది’ అను చీటీ అంటించి అమ్మిరి. కొన్నవారు 2007లో సియాటిల్ నగరపు ఫెడరల్ న్యాయస్థానమునకు పోయిరి. కొనుగోలుదారులందరి పక్షమున సామూహికముగా ఆ వ్యాజ్యమును నడుపుటకు వీలులేదని 2009లో న్యాయస్థానము తేల్చుటతో అది నీరసించెను. అమెరికాలో చదువుకొన్న కొనుగోలుదారులే చీటీని నమ్మి చిక్కుపడిరన్నచో, పాత సరుకు చేతులు మారి చేరు మన పల్లెపట్టులలో ఏమి జరుగునో ఊహింపవచ్చును.

పాత సరుకే ఏల వాడవలెనని పట్నవాసులు అడుగుదురు. డబ్బు లేక అనుట సగము నిజమే. మిగిలిన సగము తెలుగు అచ్చుపనిలో ఉన్నది. పోలవరమువంటి ఊరిలో డి.టి.పి. దుకాణమనగా శుభలేఖలు, కరపత్రములు, రసీదు పుస్తకములు, అర్జీలు. ఆ పని పేజ్‌మేకరులోను, అను స్క్రిప్ట్ మేనేజరులోను సాగినది; చాలచోట్ల నేటికిని సాగుచున్నది. పేజ్‌మేకరు 2001లో 7.0 దగ్గర ఆగిపోయినది. అను అక్షరములు యూనికోడు అక్షరములు కావు. ఆ అక్షరములున్న యంత్రములో తప్ప ఆ ఫైలు తెలుగుగా కనబడదు. పదునైదు, ఇరువది ఏండ్ల పని ఒక యంత్రములో పేరుకొనిపోయినప్పుడు ఆ యంత్రమును మార్చుట కొట్టు మార్చుటకంటె కష్టము.

అట్టి దుకాణమొకదానిలో జరిగినదానిని మేము దగ్గరగా చూచితిమి. విండోస్ 7 కు ఆదరువు ముగిసిన తరువాతి మాట. దుకాణదారు పట్నమునుండి ఒక మరమ్మతుదారుని పిలిపించి విండోస్ 10 ఎక్కించుకొనెను. ఎక్కిన మరునిమిషమునుండి తెరమీద అక్షరములు లావెక్కెను. శుభలేఖ నమూనా సగమే తెరలో పట్టుచుండెను. పుటను క్రిందికి జరిపినచో బొమ్మ ముక్కలు ముక్కలుగా ప్రాకుచుండెను. పెండ్లికి తొమ్మిది దినములే గడువు. అంతకంటె ముఖ్యమైనది వేరొకటి ఆ పెట్టెలో ఉన్నది. పోలవరము ప్రాజెక్టు 2014 నాటి రాష్ట్ర పునర్వ్యవస్థీకరణ చట్టముతో జాతీయ ప్రాజెక్టు అయినది. ముంపు గ్రామములవారు ఊళ్లు విడచి పునరావాస కాలనీలకు పోవలసినవారైరి. పరిహారమునకై, ఇంటి స్థలమునకై, పేరులో తప్పు దిద్దుటకై వారు వ్రాయించుకొన్న అర్జీలు, స్కాను చేయించుకొన్న పట్టాలు, రేషను కార్డులు కొన్ని వందలు ఆ యంత్రములోనే ఉండెను. అసలు కాగితము తడిసి చిరిగినవారికి ఆ నకలే ఆధారము.

మరమ్మతుదారు తెరను చూచి, ‘ఫార్మాట్ కొట్టేసి మళ్ళీ ఎక్కిద్దామండి, అదే సర్దుకుంటుంది’ అనెను. దుకాణదారు ముఖము వెలవెలబోయినది. ‘తెర సరిగా కనపడకపోతే లోపలున్న కాగితాలు కూడా పోయినట్టేనాండీ?’ అని మమ్ము అడిగెను.

పోలేదు. ఈ ప్రసంగములో శ్రోతలు మరేది మరచినను దీనిని మరువరాదని మా కోరిక. చిత్రము వచ్చు దారి వేరు, కాగితములు దాచు చోటు వేరు. ఫైళ్లు హార్డు డిస్కులో ఉండును. డిస్‌ప్లే డ్రైవరు తప్పినంతమాత్రమున వానిలో ఒక్క అక్షరమును చెరగదు. వీధి దీపము ఆరినచో ఇంటిలోని బీరువా ఖాళీ కాదు. కాని ఫార్మాటు చేసినచో బీరువాయే ఖాళీ అగును. తెర మసకబారినదని ఫార్మాటు చేయుట, కళ్లద్దములు మసకబారినవని పుస్తకమును తగులబెట్టుటవంటిది. పైగా దానివలన చిక్కు తీరునన్న నమ్మకమును లేదు. చిప్పునకు తగిన డ్రైవరు క్రొత్త వ్యవస్థలో లేనిచో, ఎన్నిమార్లు ఫార్మాటు చేసినను అదే లావు అక్షరములు మరల వచ్చును.

కావున ఆ దుకాణములో మొదట చేసిన పని మరమ్మతు కాదు. ఆ లావు అక్షరముల తెరతోనే, ఓపికగా, ముఖ్యమైన ఫైళ్లన్నియు బయటి హార్డు డిస్కునకు నకలు తీయబడెను. అను అక్షరముల ఫైళ్లను కూడ దానితోపాటు దాచిరి. అది పూర్తియగుటకు రెండు గంటలు పట్టినది. ఆ తరువాతనే తెర సంగతి.

తెర సంగతిలోను మొదట చూడవలసినది తీగ. మానిటరునకు పోవు తీగ కొంచెము వదులైనను రంగులు మారును, బొమ్మ వణకును. పెట్టె వెనుక రెండు చోట్ల తీగ పెట్టుటకు వీలున్నచో, ఒకటి మదర్‌బోర్డుది, రెండవది విడిగా బిగించిన కార్డుది. కార్డు ఉండగా తీగను మదర్‌బోర్డునకు తగిలించి, తెర చీకటియైనదని ఏడ్చినవారిని ఎరుగుదుము. వేరొక మానిటరును తెచ్చి చూచుట ఇంకను మంచిది. లాప్‌టాపునకైనను బయటి తెర తగిలించి చూడవచ్చును. దానిలోను అదే లావు, అదే మసక ఉన్నచో దోషము తెరది కాదు.

తరువాత డివైస్ మేనేజరు అను పట్టికను తెరువవలెను. ప్రారంభపు మీటమీద కుడి క్లిక్కు చేసినచో ఆ పేరు కనబడును. అందులో డిస్‌ప్లే అడాప్టర్లు అను శీర్షిక క్రింద చిప్పు పేరు ఉండవలెను. దానికి బదులు ‘మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టరు’ అని ఉన్నచో సంగతి తేలిపోయినది. అది తాత్కాలికపు సరంగు. ఏ లాంచీనైనను నడపగలడు గాని, ఒడ్డువెంట మెల్లగా మాత్రమే నడపును. చిప్పుయొక్క శక్తిని అతడు వాడుకొనలేడు. చిత్రమును గీయు భారమంతయు ప్రాసెసరు నెత్తిన పడును. అందుచేతనే పుట జరిపినప్పుడు బొమ్మ ప్రాకుచు కదలును. పాత విండోస్ 7లో దీనికి స్టాండర్డ్ వి.జి.ఏ. అని పేరు.

చిప్పు పేరు ఉండియు, దాని ప్రక్కన పసుపుపచ్చ గుర్తు ఉన్నచో, దానిమీద రెండుమార్లు నొక్కి చూచిన ఒక సంఖ్య తెలియును. 28 అన్నచో డ్రైవరే లేదు. 10 అన్నచో పరికరము మొదలు కాలేకపోయినది. 52 అన్నచో డ్రైవరు ఫైలుమీది సంతకమును వ్యవస్థ ఒప్పుకొనలేదు. 43 అన్నది కొంచెము కష్టమైన సంఖ్య: పరికరమే తనకు బాగుగా లేదని చెప్పుకొన్నదని దాని అర్థము. డ్రైవరును తీసి మరల ఎక్కించినచో తీరవచ్చును, చిప్పే కాలిపోయియు ఉండవచ్చును. వ్యవస్థను మార్చకమునుపే తెర అప్పుడప్పుడు గీతలు పడుచుండెడిదేమో జ్ఞాపకము చేసికొనవలెను. అట్లయినచో నేరమును క్రొత్త వ్యవస్థమీద మోపుట అన్యాయము.

ఇక సరియైన డ్రైవరును వెదకుట. ఆ పట్టికలోనే వివరముల పుటలో హార్డ్‌వేర్ ఐ.డి. అను పొడవైన అక్షరముల వరుస కలదు. అందు వి.ఇ.ఎన్. అను అక్షరముల తరువాతి నాలుగు అంకెలు చిప్పు చేసినవారి ఇంటిపేరు. 8086 ఇంటెల్ వారిది, 10డి.ఇ. ఎన్‌విడియా వారిది, 1002 ఏ.ఎమ్.డి. వారిది. దాని వెనుక డి.ఇ.వి. అను అక్షరముల తరువాత వచ్చు నాలుగును చిప్పుయొక్క సొంతపేరు. ఈ రెండు పేర్లు కాగితముమీద వ్రాసికొన్నవాడు దారి తప్పడు. పెట్టెమీది చీటీని నమ్మరాదు. పాత సరుకులో లోపలి బోర్డు ఎప్పుడో మారియుండును.

మొట్టమొదట విండోస్ అప్‌డేటులోనే, ఐచ్ఛికపు నవీకరణలు అను భాగములో, డ్రైవరు వేచియున్నదేమో చూడవలెను. అనేకులు ఆ మూలకు పోరు. అక్కడ లేనిచో యంత్రమును చేసిన సంస్థ వెబ్‌సైటుకు పోవలెను. లాప్‌టాపు విషయములో ఇది మరింత అవసరము; ఆ తెరకు తగినట్లు ఆ సంస్థవారు డ్రైవరులో మార్పులు చేసియుందురు. చిప్పు చేసినవారి మామూలు డ్రైవరును ఎక్కించబోయిన, ఈ కంప్యూటరునకు ఇది పరీక్షించినది కాదు, తయారీదారునే అడుగుడని త్రిప్పిపంపుటయు కలదు. 32 బిట్ల వ్యవస్థకు 32 బిట్ల డ్రైవరు, 64 బిట్లదానికి 64 బిట్లదే. ఇందులో సర్దుబాటు లేదు.

క్రొత్త వ్యవస్థకు డ్రైవరు చేయలేదని వెబ్‌సైటు చెప్పినంతనే నిరాశపడనక్కరలేదు. విస్టా పద్ధతిలో వ్రాసిన విండోస్ 7 నాటి డ్రైవరు విండోస్ 10 మీద తరచుగా నడచును. దాని ఇన్‌స్టాలరు మొరాయించినచో, ఫైళ్లను ఒక సంచిలోనికి విప్పి, డివైస్ మేనేజరునుండి ‘నా కంప్యూటరులోనే వెదకుదును’ అను మార్గమున ఆ సంచిని చూపవలెను. మేము చెప్పిన దుకాణములో చిక్కు తీరినది ఇట్లే. ఆ బోర్డునకు విండోస్ 7 నాటి 64 బిట్ల డ్రైవరు దొరికినది. అది ఎక్కి యంత్రము మరల తెరుచుకొనగా అక్షరములు సన్నబడి తమ కొలతకు వచ్చెను. శుభలేఖలు మూడవనాటికి అచ్చయ్యెను. ఖర్చు హార్డు డిస్కుదే.

ఈ వెదకులాటలో ఒక ప్రమాదము కలదు. డ్రైవరు పేరు టైపు చేయగానే, ‘మీ డ్రైవర్లన్నియు ఒక్క నొక్కుతో బాగుచేసెదము’ అను ప్రోగ్రాములు ఎదురువచ్చును. వీనిలో చాలవరకు డబ్బు గుంజునవి. కొన్ని దొంగలను ఇంటిలోనికి తెచ్చునవి. మా మట్టుకు వానిలో దేనిని సిఫారసు చేయము. సంఖ్య 52 వచ్చినప్పుడు సంతకపు తనిఖీనే ఆపివేయుడని చెప్పు సలహాలును అట్టివే. ముక్కుమొగము ఎరుగని ఫైలును వ్యవస్థ గర్భములోనికి పంపుటకంటె లావు అక్షరములతో కొన్ని దినములు గడపుట మేలు.

తెర పూర్తిగా చీకటియైనచో ఏమి చేయవలెను? మొదట కీబోర్డుమీద విండోస్, కంట్రోలు, షిఫ్టు మీటలను పట్టుకొని ‘బి’ నొక్కవలెను. విండోస్ 10, 11 లలో ఇది డిస్‌ప్లే డ్రైవరును మరల నడపించును. బీప్ అను ధ్వని వినబడినచో యంత్రము ప్రాణముతోనే ఉన్నదని గ్రహింపవచ్చును. దానికి లొంగనిచో, తెరుచుకొనుచున్న సమయమున విద్యుత్తు మీటను నొక్కి పట్టుకొని ఆపివేయుట రెండు మూడుమార్లు చేసినచో, తరువాతి మారు మరమ్మతు తెర తనంతట వచ్చును. ఆ తెర కనబడినదా, సగము భయము తీరినట్లే: తీగ, మానిటరు బాగున్నవి, చిప్పు కూడ చిత్రమును చూపగలుగుచున్నది, తప్పు డ్రైవరుదే. అక్కడినుండి స్టార్టప్ సెట్టింగులకు పోయి 4 నొక్కినచో సేఫ్ మోడు వచ్చును. అందు క్రొత్త డ్రైవరును తొలగించుటకు గాని, రోల్ బ్యాక్ అను మీటతో పాత డ్రైవరునకు మరలుటకు గాని వీలుండును. బాగుచేసిన మరునాడే విండోస్ అప్‌డేటు తనకు తోచిన డ్రైవరును మరల ఎక్కించి పని చెడగొట్టుటయు కలదు. అట్లు జరిగినచో పరికరముల డ్రైవర్లను స్వయముగా దించుకొనవద్దని సెట్టింగులలో చెప్పవచ్చును.

ఎంత వెదకినను డ్రైవరు దొరకని చిప్పులు కొన్ని ఉన్నవి. 915 సంగతి చెప్పియుంటిమి. అప్పుడు గౌరవముగా వెనుకకు మరలుటయే మంచిదని మా అభిప్రాయము. విండోస్ 10 గాని, 11 గాని పాతదానిమీదనే ఎక్కించినచో పది దినములలోపల పూర్వపు వ్యవస్థకు మరలిపోవు మార్గము ఉండును. పాత వ్యవస్థ విండోస్ ఓల్డ్ అను సంచిలో భద్రముగా ఉండును గనుక ఇది సాధ్యము. చోటు కొరకు ఆ సంచిని తుడిచివేసినవారికి ఆ మార్గము మూసుకొనిపోవును. పది దినములలో ప్రతిదినమును విలువైనదే. పెండ్లి ఒత్తిడి తీరనిమ్మని వాయిదా వేయరాదు.

మేజామీది పెద్ద పెట్టెకు మరియొక ఉపాయమున్నది. కొంత క్రొత్తదైన చిన్న గ్రాఫిక్స్ కార్డును బిగించి, బోర్డులోని పాత చిప్పును ప్రక్కకు పెట్టవచ్చును. లాప్‌టాపునకు ఆ భాగ్యము లేదు. అచ్చుపని మాత్రమే చేయు యంత్రమునకు వ్యవస్థను మార్చకయే, ఇంటర్నెట్టు తీగను తీసివేసి, పాత విండోస్‌తోనే నడపుట నేరము కాదు. ఫైళ్లను పెన్‌డ్రైవుతో అటునిటు తెచ్చునప్పుడు వైరసు తనిఖీ చేసికొన్న చాలును. ఇంటర్నెట్టు, బ్యాంకు పని దానిలో చేయరాదు.

ఇంటి యంత్రమైనచో లినక్సు మరియొక మార్గము. అందు ఇంటెల్, ఏ.ఎమ్.డి. చిప్పుల డ్రైవర్లు చాలవరకు వ్యవస్థలోనే కలసియుండును; విండోస్ విడిచిపెట్టిన పాత చిప్పులు కొన్ని అక్కడ నేటికిని బ్రతికియున్నవి. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవారు తెలుగులోనే అట్టి వ్యవస్థను రూపొందించియున్నారు. ఎక్కించునప్పుడు తెర చీకటియైనచో, ప్రారంభపు వరుసలో ‘నోమోడ్‌సెట్’ అను ఒక్క మాటను చేర్చి చూడవలెను. పేజ్‌మేకరు మాత్రము అక్కడ నేరుగా నడవదు.

డ్రైవరుది కాని నేరమును డ్రైవరుమీద మోపుటయు మన తెలుగువారిలో తరచు జరుగుచున్నది. వ్యవస్థ మారగానే తెలుగు అక్షరముల పోకడ మారినదని, కళ్లకు క్రొత్తగా ఉన్నదని చెప్పుదురు. ఎక్స్.పి.తో వచ్చిన తెలుగు అక్షరములకు గౌతమి అని పేరు. మన గోదావరి పాయ పేరే. విండోస్ 7తో వాణి వచ్చినది. విండోస్ 8తో నిర్మల వచ్చినది. ఒకే వార్త ఒక్కొక్కదానిలో ఒక్కొక్క తీరున కనబడును. ఇది అక్షరముల సంగతి. చిప్పునకును దీనికిని సంబంధము లేదు. తెలుగు ఉండవలసిన చోట అర్థములేని ఇంగ్లీషు గుర్తులు బారులు తీరినచో, అది అను అక్షరములు ఎక్కింపబడకపోవుటవలన. మా దుకాణదారునికి తెర బాగైన తరువాత కూడ ఈ రెండవ భయము పట్టుకొన్నది. ముందుగా దాచిన అక్షరములను మరల ఎక్కించుటతో అదియు తీరినది.

విండోస్ 11 ఎక్కింపవలెనా అని ఇప్పుడు అనేకులు అడుగుచున్నారు. ఆ వ్యవస్థ టి.పి.ఎమ్. 2.0 అను భద్రతా చిప్పును, కొంత క్రొత్త ప్రాసెసరును, క్రొత్త పద్ధతి డిస్‌ప్లే డ్రైవరును కోరును. స్థూలముగా ఇంటెల్ వారి ఎనిమిదవ తరమునకు ముందరి ప్రాసెసర్లను అది అంగీకరింపదు. అడ్డదారిన ఎక్కించు ఉపాయములు ఊరూర చెప్పుచున్నారు. ఎక్కును కూడ. కాని ఇంతసేపు మనము చెప్పుకొన్న చిక్కులన్నియు అట్టి యంత్రములకే ముందుగా వచ్చును. తయారీదారుకు చెప్పుకొన్నను వినడు. విండోస్ 10 తోనే ఉండదలచిన గృహస్థులు పేరు నమోదు చేసికొన్నచో 2026 అక్టోబరు 13 వరకు భద్రతా మరమ్మతులు అందునట్లు మైక్రోసాఫ్ట్ వారు ఏర్పాటు చేసిరి. ఆ గడువును ఆలోచించుకొనుటకు వాడుకొనవచ్చును.

ఎక్కించుటకే నిశ్చయించుకొన్నవారు ముందురోజు చేయవలసిన పని కొంచెమున్నది. ఫైళ్లకు నకలు తీయవలెను. ఇప్పటి డ్రైవరు ఫైలును, క్రొత్త వ్యవస్థకు తగిన డ్రైవరు ఫైలును పెన్‌డ్రైవులో ఉంచుకొనవలెను. కరెంటు పోయినను ఆగకుండునట్లు యు.పి.ఎస్. ఉండవలెను, లాప్‌టాపైనచో నిండుగా ఛార్జి చేయవలెను. చిప్పు పేరును, హార్డ్‌వేర్ ఐ.డి.లోని అంకెలను ఒక చీటీమీద వ్రాసి పెట్టె వెనుక అంటింపవలెను. తెర నల్లబడిన తరువాత ఆ పేరును తెరమీద చదువుటకు వీలుండదు.